ఆమె చేతులు ఏం చేస్తున్నాయో చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. "ఆడవాళ్ళ జీవితం గురించి నిజంగా ఆలోచింపజేసే సినిమాలు చెప్పండి. లేడీ ఓరియెంటెడ్ అని వెతికితే హీరో చేసే ఫైట్లే హీరోయిన్ చేసే సినిమాలు వస్తున్నాయి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్తున్నాను, అమ్మతో కలిసి చూడాలి. అమ్మేమో, సినిమాల్లో మన బతుకు ఏముంటుందిలే అంటుంది" అని రాశారు.

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. నేను 28 ఏళ్ళు ఒక మహిళా డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పాను. అందులో చాలాకాలం ఫిల్మ్ క్లబ్ బాధ్యత కూడా నాదే. మొదట్లో పుణె ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి ప్రింట్లు రేకు పెట్టెల్లో రైల్లో వచ్చేవి. స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టి ఆటోలో తెచ్చుకునేవాళ్ళం. తర్వాత వీసీఆర్, ఆ తర్వాత సీడీలు, ఇప్పుడు పెన్‌డ్రైవ్. విద్యార్థినులతో, వాళ్ళ తల్లులతో, హాస్టల్లో వంట చేసేవాళ్ళతో, డ్వాక్రా సంఘాల వాళ్ళతో కూర్చుని చూశాను. మీ అమ్మగారి మాట ఇంచుమించు అవే మాటల్లో ఎన్నిసార్లు విన్నానో. అందుకే పేర్లు రాసి పంపేయకుండా కాస్త వివరంగా చెబుతాను.

సినిమా చూసేటప్పుడు నాకు ఒక అలవాటుంది. ఆమె చివర్లో గెలిచిందా, ఓడిందా అన్నది తర్వాత సంగతి. సినిమా నడుస్తున్నంతసేపూ ఆమె చేతులు ఏం చేస్తున్నాయి అని చూస్తాను. వంటింట్లోంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చే తల్లులను తెరమీద వందలమందిని చూసి ఉంటాం. ఆ చేతులకు అంటింది పిండా, పసుపా, అంట్ల మసా అని మనకు ఎప్పుడైనా చూపించారా? ఆమె లోపల ఎంతసేపుంది, ఎప్పుడు తిన్నది, ఎప్పుడు నడుం వాల్చింది? ఈ లెక్క తెలిసిన దర్శకుడికి ఆడవాళ్ళ బతుకు తెలుసని నా నమ్మకం. లెక్క తెలియనివాడు ఆమె చేత ఎన్ని డైలాగులు చెప్పించినా అవి అతని డైలాగులే.

ఒక్కటే చెప్పమంటే 'మల్లేశం'తో మొదలుపెట్టండి. 2019లో వచ్చింది, రాజ్ రాచకొండ తీశారు. పద్మశ్రీ చింతకింది మల్లేశం గారి జీవితకథ. ఆసు యంత్రం కనిపెట్టిన మనిషి కథ కదా, ఇందులో ఆడవాళ్ళ సంగతేముంది అని మీకు అనిపించవచ్చు. ఆ యంత్రం ఎందుకు పుట్టిందో చూడండి. పోచంపల్లి చీరలకు చిటికి కట్టి, అంటే దారాన్ని అక్కడక్కడా బిగించి కట్టి, రంగులు అద్దడానికి ముందు దారాన్ని ఆసు పోయాలి. ఒక పక్కన ఒక కొయ్య, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా కొయ్యలు. ఈ కొయ్య నుంచి ఆ కొయ్యకు, ఆ కొయ్య నుంచి మళ్ళీ ఈ కొయ్యకు, లెక్క తప్పకుండా దారం చుట్టుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. అలా చెయ్యి తిరిగిన దూరమంతా కలిపితే 25 కిలోమీటర్ల దాకా ఉంటుందని మల్లేశం గారే చాలా వేదికల మీద చెప్పారు. ఇదంతా ఇంట్లో ఆడవాళ్ళ పని. మగ్గం మీద కూర్చున్నవాళ్ళను నేతగాళ్ళంటాం. ఆసు పోసే ఆవిడకు మన భాషలో పేరే లేదు.

ఆ సినిమాలో తల్లి లక్ష్మిగా ఝాన్సీ నటించింది. భుజం నొప్పితో ఆమె చెయ్యి లేవదు. అయినా ఆసు పోయకపోతే మగ్గం ఆగిపోతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగిపోతుంది. ఆ నొప్పి చూడలేక కొడుకు ఏళ్ళ తరబడి తంటాలు పడి యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టుకున్నాడు, లక్ష్మి ఆసు యంత్రం అని. ఈ సినిమాను చేనేతవాళ్ళుండే ఒక ఊళ్ళో, స్కూలు వరండాలో తెర కట్టి చూపించాం. నేను పక్కన నిలబడి, తెర వదిలేసి, చూస్తున్నవాళ్ళ వైపు చూశాను. ఆసు పోసే సీను రాగానే ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ తనకు తెలియకుండానే ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది. పక్కావిడ కూడా అంతే. కొంతసేపటికి ఆ వరసలో నలుగురైదుగురు భుజాలు నిమురుకుంటున్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. సినిమా ఒక మనిషి ఒంటిని అలా తాకడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

దీనికీ ఒక లోటు ఉంది. కథ కొడుకుది కాబట్టి కెమెరా అతని వెంటే పోతుంది. తల్లి నొప్పి కథకు మొదలు మాత్రమే అవుతుంది. ఆసు పోస్తూ ఆమె ఏమనుకునేది, భుజం నొప్పి పుట్టకముందు ఆమె ఎలా ఉండేది, అవి మనకు తెలియవు. అయినా మీ అమ్మగారితో మొదట ఇదే చూడమంటున్నాను. మాట మన మాట, ఇల్లు మన ఇల్లు.

తర్వాత 'దాసి'. 1988 నాటిది, బి.నర్సింగరావు గారి సినిమా. ఇది వినోదానికి చూసేది కాదు, ముందే చెబుతున్నాను. మనసు కుదురుగా ఉన్న రోజున చూడండి. 1920ల నాటి తెలంగాణ గడీ, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. దొరల ఇంట్లో ఆడపిల్లకు పెళ్ళిచేసి పంపేటప్పుడు బంగారం, గొడ్డూ గోదాతో పాటు ఒక పనిపిల్లను కూడా పంపేవాళ్ళు. ఆడబాప అనేవాళ్ళు. ఆమెకు జీతం లేదు, పెళ్ళి లేదు, వెనక్కి వెళ్ళే దారి లేదు. దొరసాని పనులన్నీ ఆమెవే. దొర పిలిస్తే వెళ్ళాలి, దొర ఇంటికొచ్చిన చుట్టం పిలిచినా వెళ్ళాలి. కడుపొస్తే ఆ కడుపు ఉండాలో పోవాలో కూడా గడీయే చెబుతుంది. కమలాక్షి అనే ఆ దాసిగా అర్చన నటించింది. నటించింది అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మాటలు బాగా తక్కువ. ఊడవడం, తోడడం, మోయడం, నిలబడి ఎదురుచూడటం. ఎక్కువసేపు ఇవే. మొదటిసారి చూసేవాళ్ళు 'కథ ఎప్పుడు మొదలవుతుంది' అని అడుగుతారు. ఆ పనే కథ. చేసిన పనికి, ఒంటికి, కడుపుకి దేనికీ తన మాట చెల్లని మనిషి ఎలా ఉంటుందో ఆ నిశ్శబ్దంలో తెలుస్తుంది.

ఆ సినిమాకు 5 జాతీయ అవార్డులొచ్చాయి. ఉత్తమ నటి అర్చన, ఛాయాగ్రహణం ఏ.కె.బీర్, కళాదర్శకత్వం తోట వైకుంఠం. తెలంగాణ ఆడవాళ్ళను పెద్ద బొట్టుతో, ముదురు రంగుల చీరలతో బొమ్మలు గీసే ఆ వైకుంఠం గారే. గడీ గోడలు, ఇత్తడి గంగాళాలు, దాసి కట్టుకున్న చీర, అన్నీ ఆ కాలంలోంచి లేచి వచ్చినట్టుంటాయి.

ఒకసారి మా హాస్టల్లో దీన్ని వేశాం. పిల్లలు సగంలో కదలడం మొదలుపెట్టారు. వెనక తలుపు దగ్గర వంట చేసే పెద్దావిడ నిలబడి ఉంది, ఆమె మాత్రం చివరిదాకా కదల్లేదు. లైట్లు వేశాక ఆమె నా దగ్గరికొచ్చి, "మా నాయనమ్మను గట్లనే పంపిండ్రు మేడం. ఏ ఊరి నుంచి పంపిండ్రో గూడ మాకు తెల్వదు. ఇంట్ల ఎవ్వరం ఆ ముచ్చట తియ్యం" అంది. అంతే చెప్పి గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది. మరుసటి రోజు క్లాసులో ఆ మాట పిల్లలకు చెప్పాను. వాళ్ళే మళ్ళీ వేయమని అడిగారు. రెండోసారి ఎవరూ లేవలేదు.

దీనితో పాటు శ్యామ్ బెనెగల్ 'అంకుర్' చూడాలి, 1974ది. సికింద్రాబాద్ వైపు పుట్టి పెరిగిన మనిషి కాబట్టి తెలంగాణ పల్లె ఆయనకు పరాయిది కాదు. భాష మన దక్కనీ హిందీ. షబానా ఆజ్మీ మొదటి సినిమా, కుమ్మరి కిష్టయ్య భార్య లక్ష్మి పాత్ర. దొర కొడుకు పొలం చూసుకోవడానికొచ్చి ఆమెను దగ్గరికి తీసుకుంటాడు, కొత్త ఆలోచనలున్నవాడిలా కులం పట్టింపు లేదంటాడు, ఆమె చేతి టీ తాగుతాడు. పెళ్ళాం కాపురానికి రాగానే అంతా తలకిందులు. కడుపుతో ఉన్న లక్ష్మి ఆకలికి కాసిన్ని బియ్యం దొంగిలించి పట్టుబడే సీను నన్ను ఇప్పటికీ వదలదు. అందరికీ చివర్లో చిన్న పిల్లాడు విసిరే రాయి గుర్తుంటుంది. నాకు మధ్యలో వచ్చే పంచాయితీ ఎక్కువ గుర్తు. మొగుణ్ణి వదిలి వేరే కులం వాడితో ఉంటున్న ఒకామెను నడి ఊళ్ళో నిలబెట్టి అడుగుతారు. మొగుడు తిండి పెడుతున్నాడు కదా, ఇంకేం కావాలంటారు. ఆకలంటే తిండి ఒక్కటే కాదని ఆమె అందరి ముందూ చెబుతుంది. యాభై ఏళ్ళ కిందటి సినిమా ఇది. ఆ మాట ఇవాళ మన ఇళ్ళలో ఎంతమంది నోరు విప్పి అనగలరో మీరే ఆలోచించండి.

మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977) గురించి కూడా చెప్పాలి. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను మన నేలమీదికి తెచ్చారు. తండ్రీ కొడుకులు పని చేయరు. ఎంత చేసినా లాభం దొరకే పోతుంది, అలాంటప్పుడు ఒళ్ళు వంచడం ఎందుకని వాళ్ళ వాదం. వినడానికి అందులో న్యాయం ఉన్నట్టే ఉంటుంది. విమర్శకులు దాన్ని ఒక రకం తిరుగుబాటని రాశారు కూడా. అయితే కొడుకు పెళ్ళిచేసుకుని తెచ్చిన నీలమ్మ వైపు చూడండి, మమతా శంకర్ వేసింది. ఇల్లంటే ఇల్లులా ఉండాలని ఆమె పనికి పోతుంది, వండుతుంది, నాలుగు గింజలు దాస్తుంది. ఆమె తెచ్చింది తిని వీళ్ళు తిరుగుబాటు గురించి మాట్లాడతారు. పురుడు కష్టమై ఆమె నొప్పులు పడుతుంటే కూడా లేవరు. చచ్చిపోయాక కఫనుకు, అంటే శవం మీద కప్పే గుడ్డకు, డబ్బులు అడుక్కుంటారు. మగవాళ్ళు పని మానేస్తే అది సమ్మె, ఆమె మానేస్తే పిల్లలకు తిండి ఉండదు. బీదరికం ఇంట్లో అందరినీ ఒక్కలా కొట్టదని ఇంత బాగా చెప్పిన సినిమా మన భాషలో ఇంకొకటి నేను చూడలేదు. ప్రింటు బాగున్నది దొరకడం కష్టమే, అయినా వెతకండి.

ఇక ఉద్యోగం చేసే అమ్మాయిల సంగతికొద్దాం, మీరూ ఉద్యోగంలో ఉన్నారన్నారు కదా. ఇక్కడ బాలచందర్ 'అంతులేని కథ' (1976) తప్పదు. జయప్రద వేసిన సరిత జీతం మీద ఇల్లంతా నడుస్తుంది. తల్లి, తాగుబోతు అన్న, వదిన, వాళ్ళ పిల్లలు, భర్త పోయి పుట్టింటికొచ్చిన చెల్లి, కళ్ళు లేని తమ్ముడు. ఆ అన్న రజనీకాంత్. నాకు ఈ సినిమాలో నచ్చేది సరిత మంచితనం కాదు. ఆమె కసురుతుంది, లెక్కలు అడుగుతుంది, ఇంట్లో వాళ్ళు ఆమె గడప దాటి లోపలికొస్తే భయపడతారు. సంపాదించేవాడు కొడుకైతే ఆ కసురుకోవడాన్ని 'పాపం, అలిసిపోయి వచ్చాడు' అని సర్దుకుంటారు. కూతురైతే 'జీతం తెస్తున్నానన్న పొగరు' అంటారు. ఈ తేడాను అంత సూటిగా చూపించడం చిన్న విషయం కాదు. చివర్లో తన పెళ్ళిపీటల మీద చెల్లెలిని కూర్చోబెట్టి ఆమె మళ్ళీ ఆఫీసుకు బయలుదేరుతుంది. హాల్లో జనం కళ్ళు తుడుచుకున్నారు, నేనూ ఏడ్చాను, ఆ వయసులో. తర్వాత క్లాసులో ఈ సినిమా గురించి మాట్లాడుతుంటే ఒక అమ్మాయి లేచి, "ఆమె త్యాగం చేసింది అంటున్నారు మేడం, వద్దనే వీలు ఆమెకు ఎక్కడుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. త్యాగం అనాలంటే ముందు కాదనే వీలుండాలి. బాలచందర్ ఆమె కష్టాన్ని చూశాడు కానీ, చివరికి ఆ కష్టానికే హారతి పట్టాడనిపిస్తుంది నాకు.

అందుకే దాన్ని సత్యజిత్ రాయ్ 'మహానగర్' (1963) పక్కన పెట్టి చూడమంటాను. కలకత్తాలో మధ్యతరగతి కోడలు ఆరతి, ఇంటింటికీ తిరిగి అల్లిక మిషన్లు అమ్మే ఉద్యోగంలో చేరుతుంది. పంతులుగా రిటైరైన మామగారు కోడలితో మాట్లాడటం మానేస్తాడు. మొదటి జీతం అందుకున్నాక ఆమె ఆఫీసు బాత్రూములోకి వెళ్ళి, కొత్త నోట్లు చేతిలో పట్టుకుని అద్దంలో తనను తాను చూసుకుంటుంది. ఒక్క మాట లేదు. ఆ ముఖం చూడండి చాలు. మొదట ఒప్పుకున్న మొగుడే తర్వాత మానేయమంటాడు. సరిగ్గా రాజీనామా ఇవ్వబోయే రోజున అతను పనిచేసే బ్యాంకు మూతపడుతుంది, అప్పుడు మానొద్దని ఫోన్ చేస్తాడు. అప్పటికి ఇంట్లో ఆమె జీతం ఒక్కటే ఆధారం. ఆ ఒక్క ఉద్యోగాన్నీ చివర్లో ఆమె తన కోసం కాకుండా, అన్యాయంగా పనిలోంచి తీసేసిన తోటి ఉద్యోగిని ఎడిత్ కోసం వదిలేస్తుంది. సరితకు లేనిది ఇక్కడ ఆరతికి ఉంది. కాదనగలిగే బలం, పక్కన ఇంకో ఆడమనిషి. ఈ సినిమా వేసినప్పుడల్లా విద్యార్థినులు ఎడిత్ ఇచ్చిన లిప్‌స్టిక్ గురించే ఎక్కువ మాట్లాడేవాళ్ళు. ఆరతి దాన్ని బ్యాగులో దాచుకోవడం, మొగుడి కంట పడితే ఏమవుతుందోనన్న టెన్షన్. అది వాళ్ళకు తెలిసిన టెన్షనే.

వంటింటి సంగతి ఇప్పటిదాకా ఆపి ఉంచాను. మలయాళంలో జియో బేబీ తీసిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్', 2021 జనవరిలో వచ్చింది. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి, టీచరు మొగుడు, పెద్దింటి మామగారు. ఎవరూ కొట్టరు, తిట్టరు. మామగారు మెల్లగా, మర్యాదగా అడుగుతాడు. అన్నం కుక్కర్లో వద్దమ్మా, కట్టెల పొయ్యి మీద వండు. పచ్చడి మిక్సీలో కాదు, రోట్లో చెయ్యి. బట్టలు మిషన్లో వేస్తే పాడవుతాయి, చేత్తో ఉతుకు. ఒక్కో కోరిక విడిగా చూస్తే ఎంత చిన్నది! అన్నీ కలిపితే ఒక మనిషి రోజు మొత్తం. సింకు కింద గొట్టం కారుతుంటుంది. ప్లంబర్ని పిలవమని ఆమె చెబుతూనే ఉంటుంది, అతను మర్చిపోతూనే ఉంటాడు. ఆమె కింద గిన్నె పెట్టి, ఆ మురికి నీళ్ళు పారబోస్తూ, చేతులు కడుక్కుని మళ్ళీ కడుక్కుని వాసన చూసుకుంటుంది. మగవాళ్ళు తిని లేచిన బల్లమీద నమిలి పారేసిన ములక్కాడ తొక్కలు, ఆ పక్కనే అత్తా కోడలూ కూర్చుని తినాలి. ఒకరోజు హోటల్లో మొగుడు ఎంగిలి ముక్కలు పద్ధతిగా పక్క ప్లేటులో వేస్తాడు. ఇంట్లో ఇలా చేయరేం అని ఆమె నవ్వుతూ అంటే అతనికి పౌరుషం పొడుచుకొస్తుంది. సారీ చెప్పేదాకా వదలడు. పాత్రలకు పేర్లే లేవు గమనించండి. పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఇందులో రెండో సగం శబరిమల దీక్ష చుట్టూ నడుస్తుంది. మన తెలుగు వాళ్ళకు ఇది దగ్గరి విషయం, ఎన్ని ఇళ్ళలో మాలలు వేసుకుంటారో మీకు తెలుసు. మా అపార్ట్‌మెంటులో దీన్ని పదిమంది ఆడవాళ్ళం కలిసి చూశాం. అయిపోయాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎవరి భక్తినీ తక్కువ చేసి మాట్లాడటం మాలో ఎవరికీ ఇష్టం లేదు. చివరికి ఒకావిడ మెల్లగా, "మా ఆయన మాల వేసుకుంటే 41 రోజులూ తెల్లవారుజామున మూడున్నరకు తలస్నానం చేసి వంట మొదలుపెట్టేది నేను. దీక్ష ఎవరిదని ఎప్పుడూ అనుకోలేదు" అంది. ఇంకొకావిడ, నెలసరి రోజుల్లో పిల్లల్ని వదిలి అక్క ఇంట్లో ఉండాల్సి వచ్చేదని చెప్పింది. ఆ సాయంత్రం ఏ సంసారమూ కూలిపోలేదు. ఇరవై ఏళ్ళుగా పక్క పక్క ఫ్లాట్లలో ఉన్నవాళ్ళం, ఈ విషయం మొదటిసారి పైకి మాట్లాడుకున్నాం.

మీరు ఫైట్లు చేసే సినిమాల గురించి విసుక్కున్నారు. నేను వాటిని పూర్తిగా కొట్టిపారేయను. 'ప్రతిఘటన' 1985లో వచ్చినప్పుడు నేను హాల్లో చూశాను. నడిరోడ్డు మీద ఒక లెక్చరర్ని వివస్త్రను చేస్తారు. మరుసటి రోజు క్లాసుకు పోతే బోర్డు మీద ఆమె బొమ్మ గీసి ఉంటుంది. ఆ క్లాసురూము సీను, అక్కడ వచ్చే పాట అబద్ధం కాదు. లెక్చరర్‌గా పనిచేసిన దానిగా చెబుతున్నాను, బోర్డు మీద రాతల భయం మాకు కొత్త కాదు. చివర్లో ఆమె గొడ్డలి ఎత్తినప్పుడు హాలంతా లేచి నిలబడింది. ఆ తర్వాత వచ్చిన వాళ్ళు క్లాసురూముని వదిలేసి గొడ్డలిని పట్టుకున్నారు. అవమానం పది నిమిషాలు, పగ రెండు గంటలు. అవమానం తర్వాత ఆమె మర్నాడు ఉదయం ఎలా లేచింది, బస్సు ఎలా ఎక్కింది, ఎవరు పలకరించారు, ఎవరు తల తిప్పుకున్నారు? అసలు బతుకు అక్కడుంటుంది.

పాత సినిమాలు బోరు కొడతాయేమోనని మీరు వెనకాడవద్దు. 'వరవిక్రయం' 1939లో వచ్చింది, కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం ఆధారంగా. భానుమతి గారి మొదటి సినిమా. పెద్ద కూతురు కాళింది కట్నం పెళ్ళి ఇష్టంలేక ప్రాణం తీసుకుంటుంది. రెండో కూతురు పెళ్ళిచేసుకుని, డబ్బిచ్చి కొన్నాం కాబట్టి మొగుడు మా సొత్తు అంటుంది, అమ్మినవాళ్ళకు ఇక అతనిమీద హక్కేముందని నిలదీస్తుంది. దేశంలో వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అంటే చట్టానికి 22 ఏళ్ళ ముందే తెలుగు తెరమీద ఒక ఆడపిల్ల ఆ మాట అడిగేసింది.

'కన్యాశుల్కం' (1955) గురించి ఒక్క విషయం. చాలామంది గిరీశం కోసం చూస్తారు, మీరు సావిత్రి గారి మధురవాణిని చూడండి. వచ్చే ప్రతి మగవాణ్ణీ ఆమె చదివేస్తుంది. తన బతుకు అలా చదవడం మీదే ఆధారపడిందని ఆమెకు తెలుసు. నవ్వుతున్నప్పుడు కూడా ఆ కళ్ళు లెక్క వేస్తూనే ఉంటాయి. చూసేముందు మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పండి. గురజాడ నాటకం తొలి కూర్పు ముందుమాటలో, విశాఖ జిల్లాలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ లెక్క ఇచ్చారు. మూడేళ్ళలో 1,034. అందులో 99 మంది పెళ్ళికూతుళ్ళ వయసు ఐదేళ్ళు. ఏడాది నిండిన వాళ్ళు కూడా ముగ్గురున్నారు. ఆ సంఖ్యలు తెలిసి చూస్తే సుబ్బి పెళ్ళి మాటలకు నవ్వు వేరేగా వస్తుంది, ఒక్కోచోట రాదు కూడా.

కొత్తవాటిలో '35 చిన్న కథ కాదు' (2024) మీ అమ్మగారికి నచ్చుతుంది. తిరుపతిలో ఒక ఇల్లాలు, కొడుక్కి లెక్కలు రావడం లేదని తాను పుస్తకం పట్టుకుంటుంది. పదో తరగతి తప్పిన మనిషి. వంట, ఇల్లు, పిల్లల మధ్య ఆమె ఎప్పుడు చదువుకుంటుందో గమనిస్తూ చూడండి. నివేదా థామస్ ఎక్కడా అతి చేయలేదు. ముగింపు కాస్త తీపి ఎక్కువే, అది నాకు ఇబ్బందిగా అనిపించలేదు. చదువు మధ్యలో ఆపేసిన తల్లులు దీన్ని చూసి ఇంటికెళ్ళి పాత మార్కుల కాగితాలు వెతుక్కున్నారని మా పూర్వ విద్యార్థిని ఒకరు ఫోన్ చేసి చెప్పింది.

ఏది ముందు, ఏది తర్వాత అని అడిగితే, సంక్రాంతి నాలుగు రోజులకు నా సలహా ఇది. మొదటి రాత్రి 'మల్లేశం'. రెండో రోజు '35'. ఇద్దరికీ మాటలు కలిశాక 'గ్రేట్ ఇండియన్ కిచెన్'. సబ్‌టైటిళ్ళు చదవడం అమ్మకు కష్టమైతే పక్కన కూర్చుని చెప్పండి. అందులో మాటలు తక్కువ, వంటింటికి భాష అక్కర్లేదు. 'దాసి', 'ఒక ఊరి కథ' పండగ రోజుల్లో వద్దు. 'అంతులేని కథ' గురించి మీరు చెప్పేముందు అమ్మనే అడగండి. ఆ తరం వాళ్ళకు ఆ సినిమాతో ఏదో ఒక సొంత కథ ఉంటుంది.

ఇంకొక మాట, ఇది అనుభవం మీద చెబుతున్నాను. డ్వాక్రా సంఘాల వాళ్ళకు మొదటిసారి సినిమా వేసినప్పుడు సాయంత్రం ఆరింటికి పెట్టాం. ఏడయ్యేసరికి సగం మంది లేచి వెళ్ళిపోయారు. సినిమా నచ్చలేదేమోనని బాధపడ్డాను. మంచినీళ్ళ పంపు వచ్చే టైము అదేనని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ముందు వాళ్ళ టైము అడిగి, ఆ తర్వాతే తెర కట్టేవాళ్ళం. పండగ రోజుల్లో మీ అమ్మగారికి అరిసెలు, చుట్టాలు, పెరుగు తోడుపెట్టడం, మర్నాటికి పప్పు నానబోయడం ఉంటాయి. పప్పు మీరు నానబోసి, గిన్నెలు మీరు కడిగేసి, ఆవిడ వచ్చి మొదటి సీను నుంచి కూర్చునేలా చూడండి. మధ్యలో పాలు పొంగాయేమో చూడటానికి మీరు లేవండి. చూశాక ఆవిడ ఏమన్నారో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తాను.